సాయవ్వ మెడ

నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్‌తోని సాయవ్వ కొట్లాడి గెలిచిననాడు నేను అక్కడనే ఉన్న. తొంబై ఒకటో, తొంబై రెండో, మంచి ఎండకాలం. మా ఊరు కాజీపల్లి మందుల కంపెనీలకు వెనుక దిక్కు. అప్పటికే మా బాయిలల్ల నీళ్ళు ఛాయ్ రంగుకు తిరిగినయి. బర్లు గూడ మూతిపెట్టి ఎన్కకు తీస్తుండె. అందుకని దినాం పొద్దుగాల ఒక ట్యాంకర్ వస్తుండె. పేరుకు మా కోసమే, నీళ్ళు మాత్రం ముందుగాల రోడ్డు మీది హోటల్‌కు. హోటల్ డ్రమ్ములన్ని నింపి, అడుగున మిగిలింది మాకు పోస్తుండె. ఇంటికి రెండు బిందెలనేటోడు. మూడో బిందె పెడ్తే పైపు గుంజుకునేటోడు.

ఆ దినం సాయవ్వ అవతలి ఊరి బోరింగుకాడికెల్లి రెండు బిందెలు నెత్తిన పెట్టుకొని వస్తుంది. ఒకదాని మీద ఒకటి, రెండూ నిండుగ ఉన్నయి. హోటల్ దిక్కు మలుగుతున్న ట్యాంకర్ కండ్లవడ్డది. ఇంటికి పోలే. బిందెలు దించలే. సక్కగ పోయి బండి ముంగట నిలవడ్డది.

“జరుగమ్మా,” అన్నడు డ్రైవర్.

“జరుగ. బండి ఎన్కకు మలుపు. ముందు ఊరికి పొయ్యి, మిగిల్తే హోటల్‌కు పో.”

“నీ అయ్య ట్యాంకరా ఇది?”

“మా అయ్య తవ్విన బాయి కరాబైతే వచ్చిన ట్యాంకర్. నువ్వేం దానం చేస్తలేవు.”

“ఎంతసేపు నిలవడ్తవో నేనూ చూస్త.”

“చూడు. నాకు పొయ్యి మీద మాడేది ఏం లేదు. ఈ నీళ్ళు ఇంటికి చేరితెనే గద ఎసరు పెట్టేది.”

వాడు బీడీ ముట్టిచ్చుకొని బండిల కూసున్నడు. ఒక బీడీ అయింది, రెండో బీడీ అయింది. ఎండ నడినెత్తికొచ్చింది. వానికి కోపమొచ్చి ఇంజన్ గర్రుమనిపిచ్చి బండి మూతి ఆమె కడుపుదాక తెచ్చిండు. “ఓ సాయవ్వా, సస్తవే, జరుగు!” అని నేను ఒర్రిన. ఆమె కదలలే. మీది బిందెల నీళ్ళు ఒక్క సుక్క తొణకలే. ఒక్కొక్క ఆడమనిషి పోయి ఆమె ఎన్క నిలవడ్డది. ఆఖరికి హోటలాయన బయటికొచ్చి, “అరే భాయ్, ముందు వాళ్ళకే పొయ్యి. గిరాకి అంత రోడ్డు మీదికొచ్చి తమాషా చూస్తుండ్రు,” అన్నడు. ఆ దినం సంది నీళ్ళు ముందు ఊరికే, ఇంటికి మూడు బిందెలు.

గెలిచినంక గూడ సాయవ్వ ఏమనలే. నెత్తి మీది బిందెలు నెత్తి మీదనే ఉంచుకొని ఇంటికి పోయింది. మేమంత నోరున్నోళ్ళం. ఆమెకు మెడ ఉండె.

వరసకు నాకు ఆడబిడ్డ అయితది. నాకంటే పదమూడేండ్లు చిన్నది, నన్ను వదినె అంటది. పెనిమిటి అంజన్న జరమొచ్చి పోయిననాడు కొడుకు లింగానికి ఐదేండ్లు. ఉన్న ఎకరం చెలక కంపెనీ గోడ అవతలికి పోయింది. ఇగ గోడ ఇవతల ఏం చెయ్యాలె? ఆ గోడలు కట్టే పనికే పోయింది. ఎనబై రెండు, ఎనబై మూడు సంది పటాన్‌చెరు దాక లేసిన షెడ్లల్ల ఎన్నింటికి స్లాబ్ మోసిందో ఆమెకే తెల్వది.

స్లాబ్ పోసే పని ఎట్లుంటదో మోసినోళ్ళకే తెలుస్తది. సిమెంటు, కంకర కలిపిన మాలు గడ్డకట్టకముందే పైకి చేరాలె. నడిమిట్ల ఆగుడు లేదు. పొద్దుగాల నిచ్చెన కాడ నిలవడ్డ ఆడోళ్ళు మాపటికి గాని మెడ తిప్పరు. మాలు నింపిన ఇనుప గమేల నెత్తికెత్తుకొని ఎక్కుడు, కుమ్మరిచ్చి దిగుడు. నెత్తి మీద సుట్టబట్ట తడిసి, సిమెంటు నీళ్ళు చెవుల్లకు కారుతుంటయి. మేస్త్రీలు వేరే ఊర్లకెల్లి బండి పంపి సాయవ్వను పిలిపిచ్చుకునేటోళ్ళు. ఆమె నడుస్తుంటె ఎనుక నడిచే ఆడోళ్ళు గూడ ఆగరని. దాని గురించి ఆమెకు జెర గర్వం గూడ ఉండె. ఉండొద్దా? ఉండాలె.

మెడ నొప్పి ఎప్పుడు మొదలైందో ఎవ్వలకు చెప్పలే. మాకు తెలిసేటప్పటికే రెండేండ్లయింది. ఊర్లె సూదులిచ్చే డాక్టర్ సూదులిచ్చిండు, గోలీలిచ్చిండు. గోలీ ఏసుకున్న పూట తగ్గేది, మల్ల వచ్చేది. ఆమె ఒక్క సంగతి కనిపెట్టింది. నెత్తి మీద బరువున్నప్పుడు నొప్పి తెలుస్తలేదు. దించినంకనే గుంజుతుంది.

“ఉత్తగ ఉంటె మెడ సడలిపోతది, అందుకే,” అని మేమే చెప్పినం. మోసే ఆడోళ్ళమంత అట్లనే అనుకునేటోళ్ళం. బరువు ఒత్తితె నరం తన జాగల తాను కూసుంటదని. చెప్పినోళ్ళల్ల నేను ముందున్న.

ఇగ సాయవ్వ పని లేనినాడు గూడ నిండు బిందె నెత్తిన పెట్టుకొని ఇంట్ల తిరుగుడు మొదలువెట్టింది. బిందెతోనే దండెం మీద బట్టలు ఆరేసేది. బిందెతోనే గోడకు ఒరిగి కూసుండేది. కోడలు కౌసల్య పొయ్యికాడికెల్లి చూసి, “అత్తా, నిన్ను చూస్తె నాకు భయమైతుంది. ఎవలన్న బిందె మోస్తరు గని, బిందెతోని కాపురం చేస్తరా?” అనేది. మేము నవ్వినం. ఇప్పుడు యాది చేసుకుంటె నవ్వు రాదు.

రెండువేల ఒకటిల ఆమె చేతులల్ల తేడా వచ్చింది. బియ్యంల రాళ్ళు ఏరుతుంటె రాయి వేళ్ళకు దొరకదు, రాయనుకొని బియ్యపు గింజ పారేస్తుంది. జాకెట్ గుండీలు కౌసల్య పెట్టాల్సి వచ్చింది. “ఏమైందే?” అంటె, “చేతికి గుడ్డ చుట్టినట్లుంది వదినె, ముట్టుకుంటె దూరంగ తెలుస్తుంది,” అన్నది. నేను అనాల్సిన మాట అనలే. “ముసలిదానివైతున్నవు, రోషం తగ్గిచ్చుకో,” అన్న.

అప్పుడే పటాన్‌చెరుల మెడలు ఇరిచే ముసలాయన దగ్గరికి తోల్కపోయిన. బస్టాండ్‌కు కొంత అవతల రేకుల గుడిసె. పట్టుకున్న మెడలు, బెణికిన నడుములు ఆయన చేతులల్ల పడితె టక్కుమంటయి, మనిషి లేసి నడుస్తడు. లారీ డ్రైవర్లు వరుస కట్టి కూసుంటరు. ఆయన సాయవ్వను పీట మీద కూసోవెట్టి, ఎన్క నిలవడి, రెండు చేతులతోని గదుమ పట్టుకున్నడు. నేను టక్కు శబ్దం కోసం చూస్తున్న. శబ్దం రాలే. ఆయన వేళ్ళు మెల్లగ మెడ మీదికెల్లి దిగినయి. ఒక కాడ ఆగినయి. మల్ల పైకెక్కి, మల్ల అక్కడనే ఆగినయి. చేతులు తీసేసిండు.

“లేవు బిడ్డా,” అన్నడు.

“అయిపోయిందా?” అన్నది సాయవ్వ.

“నేను చెయ్యి పెట్ట. ఎవ్వలతోని పెట్టనియ్యకు. పట్నం పో.”

పైసలిస్తె తీసుకోలే. మేము బయటికొచ్చేదాక మమ్ములనే చూస్తు నిలవడ్డడు. నలబై ఏండ్ల సంది మెడలు ఇరిచేటోడు ఒక మెడకు భయపడుడు నేను అప్పుడే చూసిన. తొవ్వల సాయవ్వ, “ముసలోనికి చేతులల్ల బలం పోయింది,” అన్నది. నేను ఔనన్న. మాకిద్దరికీ తెలుసు, ఆయన బలం సంగతి కాదని.

అయినా పట్నం పోలే. పోయి ఏం చేస్తరు, కోస్తరు. మెడ కోపిచ్చుకున్న మనిషి సంగతి మాకు ఊర్లెనే ఉంది. కొమురయ్య. రంగులు వేసే పనికి పోయి పరంజ మీదికెల్లి పడ్డడు. కొన్ని దినాలకు మెడకు ఆపరేషన్ అయింది. అప్పటికెల్లి మంచంలనే. మెడ కిందికెల్లి ఏదీ ఆయన మాట వినది. భార్య మల్లవ్వ అన్నం తినిపిస్తది, పక్క మలుపుతది. “ఆపరేషన్‌కు పోయేదాక మంచిగనే ఉండె, కోసినంక గిట్లయిండు,” అని మల్లవ్వ చెప్పేది. ఊరంత అదే చెప్పుకునేది. ఎవలకన్న మెడ నొప్పంటె చాలు, కొమురయ్య ఇంటి దిక్కు చూసేటోళ్ళు.

పోయిన కార్తీకంల ఒకనాటి పగలు సాయవ్వ మా ఇంటికొచ్చింది. అప్పటికి ఆమె నడక మారింది. కాళ్ళు బిగబట్టి, భూమి కదులుతున్నట్లు ఎడంగ ఏస్తుండె. కల్లు తాగినట్లు నడుస్తవేందే అని నేనే ఎక్కిరిచ్చిన. అరుగెక్కి, ఇంట్లకొచ్చి కూసున్నది. ఛాయ్ పెట్టిన. ఏదో మాట్లాడుతున్నం. గిలాస ఇయ్యబోతూ కిందికి చూసిన. అప్పుడే అలికిన నేల. వాకిట్లకెల్లి ఆమె కూసున్న కాడిదాక ఎర్రటి అడుగులు. ఒకటే కాలువి.

“ఎవలివే ఈ అడుగులు?” అన్నది సాయవ్వ. నిజంగ అడిగింది.

నేను ఆమె కాలు ఎత్తి చూసిన. ఎడమ కాలుకు చెప్పు లేదు. చెప్పు ఎక్కడో తొవ్వల ఊడిపోయింది, ఆమెకు తెల్వలే. అరికాలుల సీసపెంకు సగం దిగి ఉంది. దాని మీదనే నడిచి వచ్చింది, దాని మీదనే కాలు మోపి కూసున్నది. నేను పెంకు గుంజిన. ఆమె ఛాయ్ తాగుతనే ఉంది.

“నొస్తలేదా?”

“ఏంది నొచ్చుడు?” అని కిందికి వంగి చూసింది. రక్తం చూసినంక ఆమె మొఖం చూసిన నేను. ట్యాంకర్ ముంగట నిలవడ్డ మనిషి మొఖం కాదది.

మరుసటి వారమే లింగం తన కంపెనీ కార్డు మీద పట్నంల పెద్ద దవఖానకు తోల్కపోయిండు. కౌసల్య వెంట వచ్చింది, నన్ను గూడ సాయవ్వ రమ్మన్నది. డాక్టర్ చిన్న సుత్తెతోని మోకాలు కింద కొడ్తె కాలు దానంతటదే ఎగిరి ఆయన బల్లను తన్నింది. సాయవ్వ నవ్వింది. “చూసినవా, బలం ఏం తగ్గలే,” అన్నది. డాక్టర్ నవ్వలే. ఇంకో కాలు కొట్టి చూసిండు. అదీ ఎగిరింది. గుండ్రటి మిషన్‌ల పండవెట్టి మెడ ఫోటోలు తీసిండ్రు. ఆ ఫోటో వెలుగు మీద పెట్టి డాక్టర్ మాకు చూపెట్టిండు. తెల్లగ ఒక తాడు పైకెల్లి దిగుతుంది. నడిమిట్ల ఒక కాడ అది దారమంత సన్నగయింది.

“ఎముకలు అరిగి, పెరిగి, లోపలి నరాల తాడును నొక్కుతున్నాయి,” అన్నడు. “ఆపరేషన్ చేసి ఆ ఒత్తిడి తీసేస్తాం. కానీ ఒకటి వినండి. పోయిన బలం తిరిగి వస్తుందని నేను చెప్పను. ఉన్నది నిలబెట్టడానికే ఆపరేషన్.”

“చెయ్యకపోతె?” అన్నడు లింగం.

“ఇలాగే మెల్లగా తగ్గుతూ పోవచ్చు. లేదా ఒక రోజు కాలు జారి పడితే, అదే నడిచే ఆఖరి రోజు కావచ్చు. మెడ కింద ఏదీ పనిచేయదు.”

“చేస్తె?”

“చాలామందికి ఇబ్బంది ఉండదు. వందలో ఒకరికో ఇద్దరికో ఆపరేషన్ లోనే చేతులు కాళ్ళు పడిపోవచ్చు. అది ముందే చెప్పాలి, అందుకే చెప్తున్నా.”

సాయవ్వ అందరికంటే ఆఖరికి అడిగింది. “నెత్తి మీద ఏమన్న మోయొచ్చునా సారూ?”

“ఏదీ మోయకూడదు. ఆపరేషన్ చేసినా, చేయకపోయినా. జీవితంలో మళ్ళీ ఎప్పుడూ.”

“బోనం గూడనా?”

“బోనం కూడా, అమ్మా.”

పోశమ్మ పండుగకు మా ఊర్ల మొదటి బోనం సాయవ్వ ఇంటికెల్లే లేస్తది. కౌసల్య పక్కకెల్లి, “నేనెత్తుకుంట అత్తా, నువ్వు ముంగట నడువు,” అన్నది. సాయవ్వ కోడలు మొఖం చూడలే. మెడ దిక్కు చూసింది, ఎంతసేపో.

ఇగ ఇంట్ల లొల్లి మొదలైంది. లింగం ఒద్దంటడు. వానిది మొండితనం కాదు, భయం. “కొమురయ్య మామను చూస్తలేవా అమ్మా? నా చేతులతోని సంతకం పెట్టి నిన్ను మంచంల ఎయ్యాల్నా?” అంటడు. కౌసల్య చేపియ్యాలెనంటది. “నువ్వు కంపెనీకి పోతవు, దినమంత ఆమె నడక చూసేది నేను. అడుగు ఏస్తె నా పానం పోతుంది.” కోడలు కోపియ్యాలెనంటుందని ఊర్ల మాటలు పుట్టినయి. అత్తను వదిలిచ్చుకునే ఉపాయమని. అట్ల అన్నోళ్ళ ఇంటికి పోయి నాలుగు మాటలు నేను అనొచ్చిన, అది వేరే సంగతి. గని నిజం చెప్పాలె, నేను గూడ ఒద్దనే అన్న. “వందల ఒకలు అంటె, ఆ ఒక్కరు ఎక్కడో పట్నంల ఉండరే, కొమురయ్య లెక్క మన ఊర్లెనే ఉంటరు,” అన్న.

“అయితె కొమురయ్యనే అడుగుత,” అన్నది సాయవ్వ.

ఇన్నేండ్లల్ల ఎవ్వలం అడగలే. పోతుంటిమి, చూస్తుంటిమి, పండ్లిచ్చి వస్తుంటిమి. మంచంల ఉన్న మనిషిని ఏమని అడుగుతం? సాయవ్వ నన్ను వెంటవెట్టుకొని పోయి మంచం పక్కన కూసొని సక్కగ అడిగింది. “అన్నా, ఆపరేషన్‌కు నడిచిపోయినవా, మోసుకపోయిండ్రా?”

బియ్యం చెరుగుతున్న మల్లవ్వ చాట కింద పెట్టింది.

“ఊకె అడగకు వదినె,” అన్నది మల్లవ్వ.

“నా మెడ సంగతి. అడుగకుంట ఎట్ల పోను?”

మల్లవ్వ తలుపు దగ్గరికేసి వచ్చి కూసున్నది. మెల్లగ చెప్పింది. పరంజ మీదికెల్లి పడ్డంక పది దినాలు నడిచిండు. డాక్టర్లు అప్పుడే ఆపరేషన్ అన్నరు. మంత్రాలాయన దగ్గరికి, పసరు పోసేటాయన దగ్గరికి తిప్పుకుంట తానే ఆలస్యం చేసింది. ఒకనాడు పొద్దుగాల మనిషి మంచంలకెల్లి లేవలే. అప్పుడు ఊరు లేవకముందే మోసుకపోయిండ్రు. “నేను తిప్పబట్టి గిట్లయిండని ఎట్ల చెప్పుకుందు? ఆపరేషన్ మీదికి తోసేసిన,” అన్నది. చీరె కొంగు నోట్లె కుక్కుకున్నది.

ఇన్నేండ్లు ఊరంత భయపడ్డది ఒక ఆడమనిషి దాచుకున్న మాటకు. నాకు కోపం రావాలె, రాలే. మల్లవ్వ జాగల నేనుంటె నేనూ అదే చెప్పుదును.

అప్పుడు కొమురయ్య మాట్లాడిండు. చూపు మీద దూలానికే ఉంది.

“దానొక్కదానిదే తప్పు కాదు సాయవ్వా. అందరు అబద్దమాడిండ్రు. ఆపరేషన్ అయి సోయి వచ్చినంక కాళ్ళు ఉన్నట్లె అనిపిచ్చింది. మోకాళ్ళు మడిచి పండుకున్నట్లె. కండ్లతోని చూస్తె చాపి ఉన్నయి. అడిగితె, రేపు వస్తదన్నరు. ఎల్లుండి వస్తదన్నరు. డాక్టర్ అన్నడు, వీళ్ళూ అన్నరు. ఒక పండుగ పోయింది, ఇంకో పండుగ పోయింది. నేను ఎదురుచూసుకుంటనే ఉన్న. రాదని ఎవ్వలు చెప్పలే. ఒకనాడు నాకే తెలిసింది. ఆపరేషన్ కంటె, పడిపోవుటకంటె, ఆ ఎదురుచూసుడు పాడుది.”

“నేను చేపిచ్చుకోవాల్నా ఒద్దా అన్నా?”

“నేనేం చెప్పుదు. నీ కాళ్ళు ఇంక ఉన్నయి. నాయి లేకుండె.”

బయటికొచ్చినంక సాయవ్వ గోడ పట్టుకొని నడిచింది. మూల మలిగినంక ఒక్కసారి కుడికాలు మడతవడి పక్కకు ఒరిగింది. నేను రెట్ట పట్టుకున్న. పడలే. ఇద్దరం అక్కడనే నిలవడ్డం, ఊపిరి తీసుకుంట. దూరంగ కంపెనీ సైరన్ కూసింది, షిఫ్ట్ ఇడిసిండ్రు. గుంపు గుంపు మనుషులు మా పక్కకెల్లి పోతుండ్రు. ఒక్కడు తగిలినా ఏమైతదో అని నేను ఆమెను గోడకు ఆనిచ్చి అడ్డం నిలవడ్డ.

“చేపిచ్చుకుంట,” అన్నది గోడకు ఆనుకొని. “లింగానికి నువ్వు చెప్పు. నేను చెప్తె ఏడుస్తడు.”

చెప్పిన. ఏడ్సిండు. సంతకం పెట్టిండు. వచ్చే సోమవారం దవఖానల భర్తీ, మంగళవారం పొద్దుగాల ఆపరేషన్. ఒక మనిషి రక్తం గూడ చూసి పెట్టుకొమ్మన్నరు, కౌసల్య తమ్ముడు ఇస్తనన్నడు.

నిన్న పగటీలి సాయవ్వ నన్ను పిలిపిచ్చింది. మెడకు దవఖానల ఇచ్చిన పట్టా కట్టుకొని గోడకు ఒరిగి కూసున్నది. గదుమ పైకి లేసి ఉంటది కాబట్టి మనిషిని చూడాలంటె కండ్లు కిందికి దించాలె, కోపమొచ్చినోళ్ళ లెక్క కనవడ్తది. కౌసల్యను దుకాణానికి పంపింది. లింగం డ్యూటీకి పోయిండు.

“వదినె, నాకొక పని చెయ్యాలె.”

“సచ్చేటోళ్ళ మాటలు మొదలువెట్టకు. బంగారమేడ దాచినవో చెప్తనంటవా? నీకాడ బంగారం ఎక్కడిదే?”

నవ్వలే. నా చెయ్యి పట్టుకున్నది. పట్టుకున్నదని నాకు చూస్తెనే తెలిసింది, ఆ పట్టుల బలం లేదు.

“మంగళవారం నువ్వు రావాలె. నన్ను బయటికి తెచ్చినంక, నాకు సోయి వచ్చినంక, నా పక్కకు నువ్వే రా. లింగం ఒద్దు. నాతోని ఏదో ఒకటి మాట్లాడుకుంట, నాకు చెప్పకుంట, దుప్పటి కిందికెల్లి నా కాలు బొటనవేలు గిచ్చు. మెల్లగ గాదు, గోరు దిగేటట్లు గిచ్చు. నేను ఒర్రితె మంచిదే. ఒర్రకుంట నీ మాటలకు జవాబిచ్చుకుంట ఉన్ననంటె, ఇంకో కాలు గిచ్చు. దానికీ ఒర్రకపోతె, రేపు వస్తది, ఎల్లుండి వస్తదని ఎవ్వలతోని చెప్పనియ్యకు. డాక్టర్‌తోని గూడ చెప్పనియ్యకు. నీ నోరు మంచిది గాదని ఊరందరికి తెలుసు, అందుకే నిన్ను అడుగుతున్న. నువ్వే చెప్పాలె నాకు, అదే పూట, నా మొఖం చూసుకుంట చెప్పాలె.”